కొత్త పెంకుల ఊళ్లు

చెక్ దేశంలోని బ్ర్నోలో ఉద్యోగంలో చేరిన కొత్తలో, మా ఆఫీసులోని చెక్ మిత్రుడు ఒకరోజు మాటల్లో, తమ ఊరు టోర్నడోకి ఎగిరిపోయిందన్నాడు. టోర్నడో అంటే అమెరికాదే అనుకునేవాణ్ని. నా మొహం చూసి "అమ్మ దగ్గరికి రా, చూద్దువుగాని" అన్నాడు. మే నెలలో ఒక శనివారం బయల్దేరాం.

బ్రజెత్స్‌లావ్‌లో రైలు మారి వాళ్ల ఊరు హ్రుష్కిలో దిగాం. దాని తర్వాతి ఊరు మొరావ్‌స్కా నోవా వెస్. నోవా వెస్ అంటే అచ్చం మన కొత్తపల్లే. ఊళ్లో ఇంటి కప్పులన్నీ ఎర్రగా, నిన్ననే పరిచినట్టున్నాయి. వీధి చివరికి వెళ్లేసరికి నాచు పట్టిన పాత పెంకులు మొదలయ్యాయి. సుడి ఎక్కడిదాకా వచ్చిందో ఎవర్నీ అడగక్కర్లేకపోయింది.

2021 జూన్ 24, సాయంత్రం ఏడు దాటింది. ఆస్ట్రియా వైపు నుంచి వచ్చిన మేఘం కింద పుట్టిన సుడి హ్రుష్కి, నోవా వెస్, మికుల్చిత్సె, లుజిత్సె మీదుగా హొడొనిన్ అంచుదాకా దాదాపు 27 కిలోమీటర్లు దున్నుకుంటూ పోయింది. ఆరుగురు చనిపోయారు. దాదాపు 1,200 ఇళ్లు దెబ్బతిన్నాయి. ఆ దేశంలో అంత బలమైనది అంతకుముందు నమోదు కాలేదు.

"తొండంలా దిగిందా?" అని అడిగాను. మిత్రుడి తల్లి తల అడ్డంగా ఊపింది. ఆమె చూసింది నల్లటి గోడ. జోరువాన వస్తోందనుకుని, తీగ మీది బట్టలు తీయడానికి వెళ్లిందట. అంత వెడల్పాటి సుడి దుమ్మునీ, ఇళ్ల ముక్కల్నీ చుట్టుకుని వస్తుంటే తొండం ఆకారం కనిపించదు. బొమ్మల్లో చూసినదాని కోసం ఎదురుచూసేవాళ్లు దాన్ని గుర్తుపట్టలేరు. నన్ను బాగా కలవరపెట్టిన విషయం ఇదే.

మాది దివిసీమ. 1977 ఉప్పెన కథలు వింటూ పెరిగాను. ఇప్పుడైతే తుపాను రోజుల ముందే సముద్రంలో వాయుగుండంగా తెలిసిపోతుంది, రేడియో చెబుతుంది, జనం కదులుతారు. టోర్నడోకి ఆ వ్యవధి లేదు. నేల దగ్గర వేడి, తేమ గాలి. పైన చల్లటి పొడి గాలి. పైకి పోయేకొద్దీ గాలి దిక్కూ వేగమూ మారుతుంటే, మధ్యలో గాలి నేల మీద దొర్లే రోకలిలా అడ్డంగా తిరుగుతుంది. ఎగదన్నే వేడిగాలి ఆ రోకలిని నిటారుగా లేపితే మేఘమే తిరగడం మొదలెడుతుంది. దాన్నే సూపర్‌సెల్ అంటారు. అలాంటివాటిలో చాలావాటికి టోర్నడో పుట్టదు. ఏది కంటుందో ముందే చెప్పడం ఇప్పటికీ కష్టమే.

యూరప్‌లో నేల మీద ఏటా కొన్ని వందల టోర్నడోలు వస్తాయి. ఎక్కువ భాగం బలహీనమైనవి, నిమిషాల్లో అణిగిపోతాయి. కానీ 1968లో జర్మనీలో ఫోర్జ్‌హైమ్, 2015లో ఇటలీలో వెనిస్ దగ్గరి మీరా కూడా ఇలాగే నలిగాయి. ఖండాలు కదులుతాయన్న ఆల్ఫ్రెడ్ వెగెనర్ 1917లోనే యూరప్ సుడిగాలుల మీద పుస్తకం రాశాడు. వందేళ్ల తర్వాత కూడా ఇది మన దగ్గర రాదులే అనుకున్నామని మిత్రుడు బాధపడ్డాడు.

పెరట్లో అక్రోటు చెట్టు మొద్దు మిగిలింది. అందులో పెంకు ముక్క ఒకటి, మేకు కొట్టినట్టు, సగందాకా దిగి ఉంది. వేలు పెట్టి చూశాను, కదల్లేదు. గాలి కన్నా గాలి మోసుకొచ్చినవే ఎక్కువ గాయాలు చేశాయని ఆమె చెప్పింది. ఆ ముక్కని ఎవర్నీ తీయనివ్వదట.

భోజనాలయ్యాక నేలమాళిగ చూపించింది. ఆ సాయంత్రం బట్టలు వదిలేసి పరిగెత్తింది ఇందులోకే. వైన్ పీపాల పక్కన రెండు కుర్చీలు, నీళ్ల డబ్బా, టార్చి ఉన్నాయి. తాళంచెవి ఏదని అడిగాను. జూన్ నుంచి ఆగస్టుదాకా దీనికి తాళం వెయ్యనంది.