పద్యాలను వికీసోర్స్‌లోకి ఎక్కించడం – నా అనుభవం

పాత పుస్తకాలను అందరూ కలిసి ఎక్కించే ఉచిత గ్రంథాలయం తెలుగు వికీసోర్స్‌లో పుటలు దిద్దడం నేను వచనంతో మొదలుపెట్టాను. వచనం సులువు. ఒకపక్క ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టే సాఫ్ట్‌వేరు) చదివిన పాఠ్యం, ఇంకోపక్క స్కాన్ చేసిన పుట. తప్పు పడ్డ అక్షరాలు సరిచేసి, పేరాకీ పేరాకీ మధ్య ఒక ఖాళీ వరుస వదిలితే సరిపోతుంది. పద్యాల పుస్తకం చేతికొచ్చాక గానీ అసలు తిప్పలు తెలియలేదు.

వికీలో ఎంటర్ ఒక్కసారి నొక్కితే కొత్త వరుస రాదు. నాలుగు పాదాలూ కలిసిపోయి ఒక్క పేరా అయిపోతాయి. పోనీ అచ్చులో ఉన్నట్టు పాదం ముందు కాస్త జాగా వదులుదామని స్పేసు కొడితే, ఆ వరుస వరుసంతా టైపుమిషన్ అక్షరాల్లాంటి వాటితో ఒక పెట్టెలోకి పోయి కూర్చుంటుంది. పద్యం పద్యంలా నిలవాలంటే బ్రాకెట్ల మధ్య గుర్తులు రాయాలి. మా ఊరి గ్రంథాలయంలో నాతోపాటు ఈ పనికి కూర్చున్నవాళ్ళలో ఎక్కువమంది రిటైరైన తెలుగు మాస్టార్లు. "నాకు ఛందస్సు వచ్చు నాయనా, ఈ బ్రాకెట్లే రావు" అని ఒకాయన మొదటి పుటకే కళ్ళజోడు తీసి పక్కన పెట్టేశారు.

ఆయన దిద్దే తీరు చూస్తే ముచ్చటేసేది. స్కాన్ వైపు చూడకముందే ప్రతి పాదంలో రెండో అక్షరం, అంటే ప్రాస చూస్తారు. మూడు పాదాల్లో 'వ' ఉండి నాలుగోదాంట్లో 'ప' కనిపించిందంటే అది ఓసీఆర్ పనే, కవిది కాదు. ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం యతి. ఒకటి తగ్గితే వేళ్ళమీద లెక్కపెట్టి పట్టేస్తారు. ఏ స్పెల్‌చెక్కూ ఇంత నమ్మకంగా చెయ్యదు. అంత పని తెలిసిన మనిషి కొక్కేలూ కుండలీకరణాల దగ్గర ఆగిపోతున్నారంటే మార్చాల్సింది ఆయన్ని కాదు, రాసే పద్ధతిని.

అప్పటికే తలా ఒక తీరుగా రాసి ఉన్నారు. ఒకరు 'పోయెం' ట్యాగు (బ్రాకెట్ల మధ్య రాసే గుర్తు) వాడారు. దానిలో పెడితే వరుసలు ఉన్నవి ఉన్నట్టే నిలుస్తాయి. ఇంకొకరు ప్రతి పాదం చివరా కొత్త వరుస తెచ్చే బీఆర్ ట్యాగు పెట్టారు. మరొకరు జాగా కోసం ఒకదాని వెనక ఒకటి ఖాళీ గుర్తులు పేర్చారు. కంప్యూటరులో బాగానే కనిపించే ఆ పుట ఫోనులో తెరిస్తే చిందరవందర. అందుకని పుస్తకం పుటలన్నిటి జాబితా ఉండే సూచిక పేజీకి జతగా ఉన్న చర్చాపేజీలో, ఈ పుస్తకానికి మనం పాటించే పద్ధతులివీ అని రాసుకోవడం మొదలుపెట్టాం.

ఎక్కువ వాదన జరిగింది వరుసల మీద. అచ్చులో కాగితం చాలక చంపకమాల పాదం రెండు వరుసలుగా విరిగి ఉంటుంది. ఉన్నదున్నట్టు విరవాలని కొందరు. కాగితం వెడల్పు కవి నిర్ణయం కాదు గదా, పాదాన్ని పాదంగానే ఉంచాలన్నది నా మాట. చివరికి అదే నిలిచింది, సీసానికి తప్ప. సీసపాదాన్ని రెండు భాగాలుగా రాయడం అలవాటే కాబట్టి దాన్ని అలాగే వదిలేశాం. వలపలగిలకతో (అక్షరం వెనక రాసే పాత రకం 'ర్' గుర్తుతో) 'ధమ౯ము' అని అచ్చైనదాన్ని 'ధర్మము' అనే రాయాలనుకున్నాం. ఈ ముక్క దగ్గర మాత్రం పెద్దగా గొడవ కాలేదు.

తర్వాత పద్యం కోసం ఒక మూస (ఒకచోట తయారుచేసి ఎన్ని పుటల్లోనైనా వాడుకునే అచ్చు) చేశాం. 'సీ.', 'తే.', 'ఉ.' లాంటి గుర్తు ఒక గదిలో, పద్యం ఇంకో గదిలో. ఎంత జాగా వదలాలి, గుర్తు ఎక్కడ నిలబడాలి అన్నది మూస చూసుకుంటుంది. తేడా వస్తే మూసలో ఒక్కచోట మారిస్తే అన్ని పుటల్లోనూ మారిపోతుంది. బాగానే ఉందనుకుంటూ ఉండగా, ప్రతిపదార్థాల పుటకు కూడా అదే మూస వాడితే పాఠ్యం మాయమైంది! 'తరువు = చెట్టు' అని రాస్తే, ఆ సమాన గుర్తుకు ముందున్నది గది పేరనీ, వెనకున్నది ఆ గదిలో పెట్టాల్సిన సరుకనీ వికీ అనుకుంటుంది. ఆ పేరుతో మూసలో గది లేదు కాబట్టి ఏమీ చూపించదు. పాఠ్యానికి ముందు '1=' అని చేరిస్తే తిరిగొస్తుంది. ఇది కొత్తవాళ్ళకు చెప్పి గుర్తుపెట్టుకోమనే బదులు, అతికించుకునే నమూనాలోనే '1=' ముందుగా పెట్టేశాం.

నమూనాను కూడా వెతుక్కోవాల్సిన పని లేకుండా చెయ్యాలని వికీసోర్స్‌లో అందరూ మాట్లాడుకునే రచ్చబండ పేజీలో అడిగాను. దిద్దే పెట్టె కింద, నొక్కితే చాలు పాఠ్యంలో పడే గుర్తుల వరుస ఒకటి ఉంటుంది. అరసున్న, బండి ఱ, ౘ, ౙలతోపాటు మా మూస కూడా అందులో చేర్చమన్నాను. పద్యం మొత్తం ఎంచుకుని ఒక నొక్కు నొక్కితే మూస దానికి రెండు వైపులా వచ్చి చేరుతుంది. ఆ వరుసలో మార్పులు ప్రత్యేక అధికారాలున్న వాడుకరులైన నిర్వాహకులే చెయ్యగలరు. మరీ ఎక్కువ గుర్తులైతే ఎవరూ చూడరని ఒకరు అన్న మాటలో నిజముంది. నా జాబితాను సగానికి పైగా కోసేశాక చేర్చారు.

ఒక పుటలో మొదలైన పద్యం తర్వాతి పుటలోకి సాగితే మాత్రం ఇప్పటికీ చికాకే. మొదటి పుటలో మూసి, రెండోదాంట్లో మళ్ళీ తెరవాలి. పుటలన్నీ కలిపి చూపించేటప్పుడు ఆ అతుకు దగ్గర చిన్న ఎడం కనిపిస్తూనే ఉంది.

కళ్ళజోడు పక్కన పెట్టిన మాస్టారు ఇప్పుడు బ్రాకెట్ల జోలికే పోరు. పద్యం దిద్దుతారు, ఎంచుకుంటారు, నొక్కుతారు. ఆయన అచ్చుదిద్దిన పుట, ఒకరు దిద్దినట్టు గుర్తుగా పసుపు రంగుకు వస్తుంది. తను దిద్దినదాన్ని తనే ఆమోదించి పచ్చగా మార్చుకోవడానికి వీల్లేదు, ఇంకొకరు చూడాలి. అందుకని మరో మాస్టారూ ఆయనా పుటలు మార్చుకుంటున్నారు. ఒక పుటలో అరసున్న ఉందా, అది స్కాన్‌లో పడ్డ మచ్చా అని ఇద్దరికీ పేచీ వచ్చి, ఆ పుట ఇంకా పసుపులోనే ఉంది.