పంచమి నాడు అమావాస్య వేళకు వెళ్తే

గుజరాత్‌లోని భావ్‌నగర్ నుంచి సముద్రతీరాన ఉన్న కోలియాక్‌కు రానుపోను ఆటో ఎనిమిది వందలన్నాడు. ఏడు వందలకు దిగాడు. ఇంకో వంద తగ్గించే వీలున్నా, పదిన్నరకల్లా చేరాలన్న తొందరలో బేరం వదిలేశాను. ఆ పదిన్నర లెక్క నా మిత్రుడిది. నిరుడు అతడు సరిగ్గా ఆ వేళకు వెళ్లి, సముద్రం తీసిన నేల మీద సుమారు కిలోమీటరు నడిచి, పోటుకు మునిగి, ఆటుకు నీళ్లు తీశాక బయటపడే గుడిలో నిష్కళంక మహాదేవుణ్ణి దర్శించుకుని వచ్చాడు.

నేను చేరేసరికి గుడి జాడే లేదు. ఒడ్డు దాకా బురద రంగు నీళ్లు, నడుమ ఒక ధ్వజస్తంభం, దాని కొసన రెపరెపలాడే జెండా మాత్రమే ఉన్నాయి. ఆటో అతను తాపీగా బీడీ వెలిగించి, రెండు దాటేదాకా పని లేదనీ, వెయిటింగుకు మరో మూడు వందలవుతాయనీ చెప్పాడు. ఈ మాట భావ్‌నగర్‌లోనే చెప్పి ఉంటే హాయిగా గాఠియా తిని బయలుదేరేవాణ్ణి గదా అన్న కోపంతో టీ బండి దగ్గర కూర్చున్నాను.

టీ కాచే కాకా నా గోడు విని, మిత్రుడు ఏ తిథికి వచ్చాడని అడిగాడు. ఫోన్ చేస్తే అతనికి ఆదివారమని తప్ప ఏమీ గుర్తు లేదు. ఫొటో తేదీ చూసి చెబితే, పంచాంగంలో అది అమావాస్య. నేను వచ్చింది ఫాల్గుణ శుద్ధ పంచమికి. కాకా బొటనవేలిని వేళ్ల కణుపుల మీద జరుపుతూ, తిథికి రెండు ఘడియల చొప్పున అయిదు తిథులకు పది ఘడియలు, అంటే నాలుగు గంటలని తేల్చి, పదిన్నరను రెండున్నర చేశాడు. పోటును ఆయన భర్తీ అన్నాడు, ఆటును ఓట్ అన్నాడు. ఖాళీలు పూరించడాన్నే భర్తీ అనే మనకు మొదటి మాట వెంటనే పట్టుబడుతుంది.

ఆ లెక్క నన్ను చాలాసేపు వదల్లేదు. సూర్యుడి నుంచి చంద్రుడు 12 డిగ్రీలు ఎడమైతే ఒక తిథి. భూమి 12 డిగ్రీలు తిరగడానికి 48 నిమిషాలు, అంటే సరిగ్గా రెండు ఘడియలు పడుతుంది. చంద్రుడు రోజురోజుకూ ముందుకు జరుగుతుంటాడు గనుక మన తీరం మళ్లీ అతనికి ఎదురుపడడానికి సగటున 24 గంటల 50 నిమిషాలు కావాలి; కాకా లెక్కకూ దీనికీ తేడా రెండే నిమిషాలు. ఇంట్లో గోడకు వేలాడే పంచాంగంలో ముహూర్తాలే వెతికిన నేను, అందులో సముద్రపు గడియారం కూడా ఉందని గమనించనే లేదు.

చంద్రుడు తనకు ఎదురుగా ఉన్న నీటిని భూమి నడిబొడ్డు కన్నా కాస్త ఎక్కువగా, అవతలి పక్క నీటిని కాస్త తక్కువగా లాగుతాడు. అందుకే రెండు వైపులా నీరు ఉబ్బి, రోజులో ఇంచుమించు రెండు పోట్లు వస్తాయి. భూమిని సూర్యుడు లాగే బలం చంద్రుడి బలానికి సుమారు 180 రెట్లు. అయినా ఆటుపోట్లలో అతని వంతు చంద్రుడి వంతులో సగం కూడా లేదు, ఎందుకంటే ఇక్కడ లెక్కకు వచ్చేది లాగే బలం కాదు, భూమికి ఈ పక్కకూ ఆ పక్కకూ మధ్య ఆ బలంలో ఉండే తేడా. దూరం పెరిగేకొద్దీ ఆ తేడా బలం కన్నా త్వరగా తరిగిపోతుంది. అమావాస్య, పున్నములకు ఇద్దరూ ఒకే గీతలో పడి పోటు పెరుగుతుంది. అష్టమి ప్రాంతంలో ఒకరికొకరు అడ్డుపడి తగ్గుతుంది.

మా భీమిలిలో ఇదంతా కలిపినా మనిషి ఎత్తు దాటదు; అందుకే చిన్నప్పుడు పోటంటే ఇసుక గూళ్లు కొట్టుకుపోవడమే అనుకునేవాళ్లం. ఇక్కడి ఖంభాత్ సింధుశాఖ గరాటులా ఇరుకవుతూ పోవడంతో లోపలికొచ్చిన నీరు పక్కకు పోలేక పైకి లేస్తుంది. భావ్‌నగర్ దగ్గర పెద్ద పోట్లు 10 మీటర్ల వరకూ, అంటే మూడంతస్తుల మేడంత లేస్తాయి. ఇదే తీరాన ఉన్న అలంగ్‌లో పాత ఓడలను ఆ పోటు మీదే ఒడ్డెక్కించి, ఆటు వేళ ముక్కలు చేస్తారు.

చాలాసేపు ఏమీ కదలలేదు. పన్నెండున్నర ప్రాంతంలో స్తంభం దగ్గర నీళ్ల మీద కాకులు నిలబడ్డట్టు కనిపించి కళ్లు నులుముకున్నాను. అవి గుడి అరుగు అంచున వాలాయట. అక్కణ్ణుంచి సముద్రం పరుగే పెట్టింది. చూస్తుండగానే బురద, రాళ్లు, పీతల బొరియలు బయటపడ్డాయి. రెండు దాటాక చెప్పులు చేత్తో పట్టుకుని జనంతో పాటు నడిచాను. పాండవులు పాపం కడుక్కున్న చోటుగా చెప్పే ఆ అరుగు మీద అయిదు శివలింగాలు, ఎదురుగా నందులు ఉప్పునీళ్లోడుతూ ఉన్నాయి. ఒక నంది మెడ కింద నాచు, దాని మీద ఎవరో అప్పుడే పెట్టిన మందారం.

తిరిగొచ్చి టీ డబ్బులిస్తూ రేపు ఎన్నింటికని అడిగాను. కాకా ఈసారి కణుపులు లెక్కపెట్టలేదు, ఇంకో రెండు ఘడియలన్నట్టు రెండు వేళ్లు ఎత్తి చూపాడంతే. ఆటో అతను మాత్రం మూడు వందలూ వసూలు చేశాకే బండి తీశాడు.