వయాలా తీరంలో కటిల్‌ఫిష్‌ల మధ్య

దక్షిణ ఆస్ట్రేలియాలో అడిలైడ్ నుంచి వయాలా అనే ఊరికి రోడ్డు మీద నాలుగు గంటల పైనే పడుతుంది. దారంతా ఎండిన నేల, పొట్టి పొదలు. ఊళ్లో ఉన్నది ఉక్కు ఫ్యాక్టరీ. అయినా మే నుంచి ఆగస్టు దాకా ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు, ఊరి బయట స్టోనీ పాయింట్ దగ్గర సముద్రంలో దిగడానికి.

అక్కడ అది చలికాలం. నీళ్లు 12 డిగ్రీల దగ్గర ఉంటాయి. దళసరి వెట్‌సూట్, తలకు హుడ్ వేసుకున్నా మొహం మొద్దుబారిపోయింది. పడవ అక్కర్లేదు, లోతుకు వెళ్లక్కర్లేదు. స్నార్కెల్ (ఊపిరి గొట్టం) పెట్టుకుని ఒడ్డు దగ్గరే తేలుతుంటే కింద రాళ్ల మీద గుంపులు గుంపులుగా ఆస్ట్రేలియన్ జెయింట్ కటిల్‌ఫిష్‌లు. పేరులో ఫిష్ ఉన్నా ఇవి చేపలు కావు, ఆక్టోపస్‌కీ స్క్విడ్‌కీ చుట్టాలు. మూడు గుండెలు, రాగి ఉండటం వల్ల నీలంగా కనిపించే రక్తం, డబ్ల్యూ ఆకారపు కనుపాప.

ఇన్ని వేలు ఇక్కడికే ఎందుకు చేరతాయంటే కారణం రాళ్లే. ఈ తీరాన్ని ఆనుకున్న స్పెన్సర్ గల్ఫ్ అనే సముద్రపు పాయ అడుగున చాలాచోట్ల ఇసుక, సముద్రపు గడ్డి. గుడ్లను అంటించడానికి కింద ఖాళీ ఉన్న పలకరాళ్లు ఈ కొద్ది కిలోమీటర్ల తీరంలోనే బాగా దొరుకుతాయి.

ఆడవాటి కన్నా మగవి చాలా ఎక్కువ, ఇక పోటీ చెప్పక్కర్లేదు. రెండు పెద్ద మగవి పక్కపక్కన చేరి, చేతులు వెడల్పుగా చాచి, ఒంటి మీద నల్లటి చారలను అలల్లా పరిగెత్తించాయి. చర్మంలోని రంగు సంచుల కండరాలను మెదడే నేరుగా నడుపుతుంది కాబట్టి రెప్పపాటులో రూపం మారిపోతుంది. ఇంత చేసే ఈ జీవులకు రంగులు కనిపించవట! వాటి కంట్లో కాంతిని పట్టే కణాలు ఒకే రకం. చాలాసేపు అలా ఒకదాన్నొకటి కొలుచుకున్నాక చిన్నది తప్పుకుంది.

ఫొటోలు తీసేవాళ్లంతా ఈ పెద్దవాటి వెంటే పడతారు. నాకు మాత్రం పక్కనున్న చిన్న మగ కటిల్‌ఫిష్, ఆ బుడ్డోడు నచ్చాడు. చారలు మాయం చేసి, ఆడదానిలా మచ్చల చర్మం తెచ్చుకుని, గుడ్లు పెట్టబోతున్నట్టు చేతులు ముడుచుకుని, ఆడదానికి కాపలా కాస్తున్న పెద్ద మగదాని పక్క నుంచే నెమ్మదిగా లోపలికి జారాడు. కాపలాదారు పట్టించుకోలేదు. సముద్రజీవ శాస్త్రవేత్త రోజర్ హాన్లన్ బృందం 2005లో ఇదే తీరం మీద ప్రచురించిన పరిశోధనలో ఈ వేషం దాదాపు సగం సార్లు పారిందని తేలింది. అలా జతకట్టిన మగవాటికి పిల్లలు పుడుతున్నాయని డీఎన్‌ఏ పరీక్షలు కూడా చెప్పాయి.

లోపలికి వెళ్లినంత మాత్రాన పని అయిపోదు. ఆడది ఒప్పుకోవాలి, ఎక్కువసార్లు ఒప్పుకోదు. రెక్క మొదలు వెంబడి తెల్లటి చార తేలిందంటే వద్దని అర్థం. నేను చూస్తుండగా ఆ చార తేలింది. పాపం, బుడ్డోడి నటనంతా వృథా.

ఈ సందడి ఒకసారి దాదాపు ఆగిపోయింది. 1990ల చివర్లో లక్షన్నరకు పైగా ఉన్న వీటి సంఖ్య 2013లో 13,500 దగ్గరకు పడిపోయింది. అంతకుముందు 1997లో విపరీతంగా పట్టడం, ఆ తర్వాత వేటపై ఆంక్షలు రావడం జరిగినా, ఈ పతనానికి కారణం ఇదీ అని శాస్త్రవేత్తలు కూడా తేల్చలేదు. 2020 నాటికి సంఖ్య మళ్లీ రెండు లక్షలు దాటింది.

వెళ్లేవాళ్లు జూన్‌లో వెళ్తే మంచిది. ఆగస్టుకల్లా పెద్దవి చర్మం ఊడి, చేతులు తెగి, చివరి దశలో ఉంటాయి. ఒకే సీజన్‌లో గుడ్లు పెట్టి చనిపోయే జీవులివి. ఈతకు కాళ్లకు తొడుక్కునే ఫిన్స్‌తో రాళ్లను మాత్రం తన్నకండి, నిమ్మకాయ ఆకారంలో తెల్లటి గుడ్లు వాటి కిందే వేలాడుతుంటాయి, పిల్లలు బయటికి రావడానికి నెలలు పడుతుంది.