బావి లేకుండా నీళ్లు చేదడం

విదేశాల్లో పిల్లలకు తెలుగు నేర్పడం అనగానే మనకు అక్షరాలు, పద్యాలు, ఆదివారం క్లాసులే గుర్తొస్తాయి. అవి కావాల్సిందే, మేమూ పంపిస్తున్నాం. కానీ మన పెద్దవాళ్ల ఒంటికి తెలిసిన పనులు కూడా పిల్లలకు అందాలని నేను గట్టిగా అనుకుంటున్నాను.

మా బాబు డాలస్‌లో స్కూల్ థియేటర్ క్లాసులో మైమ్ నేర్చుకుంటున్నాడు. మాట ఉండదు, చేతిలో వస్తువు ఉండదు. లేని గోడ కనిపించాలంటే గాలిలో ఆనించిన అరచెయ్యి, ఒళ్లు ఎటు కదిలినా, ఉన్నచోటే ఉండాలి. ఫ్రాన్స్ కళాకారుడు మార్సెల్ మార్సో 1947లో బిప్ అనే పాత్రను సృష్టించాడు. అంతకుముందు యుద్ధకాలంలో యూదు పిల్లలను స్విట్జర్లాండ్ వైపు దాటించేటప్పుడు వాళ్లు చప్పుడు చేయకుండా ఉండేందుకు మైమ్ చేసేవాడు. ఈ సంగతి మావాడికి ప్రాణం.

ఎండాకాలం సెలవుల్లో దేవరకొండ దగ్గర మా ఊరికి వెళ్లినప్పుడు వాడు తాడు లాగడం చేసి చూపిస్తుంటే మా అమ్మ ఊరుకోలేదు. "నిండు బొక్కెన గంత అల్కగ వస్తదా బిడ్డా? నడుము వంచు" అని తనే లేచి చేదింది. మొదటి గుంజుకే భుజం కిందికి దిగింది, వెనక కాలు నేలను తన్నిపట్టింది, ఒక చెయ్యి వదిలి ఇంకో చేత్తో అందుకునేటప్పుడు తాడు జారకుండా ఒక్క క్షణం ఆగింది, చివరికి వంగి బొక్కెనను గట్టు మీదికి లాక్కుంది. ఊళ్లో ఇప్పుడు నల్లా నీళ్లే, చేదబావి పని వాడు ఎన్నడూ చూడలేదు, అయినా ఆ బరువు వాడికి తెలిసిపోయింది. నాట్యశాస్త్రం అభినయాన్ని ఆంగికం (ఒంటి కదలిక), వాచికం (మాట), ఆహార్యం (వేషం), సాత్త్వికం (లోపలి భావం) అని నాలుగుగా చెప్పింది, అందులో మాట ఒక్కటే. మిగతావాటి బలమేమిటో నాకు ఆ రోజు మా అమ్మను చూస్తే తెలిసింది.

సైగలతోనే పని జరిగిపోతే ఇంక తెలుగు ఎందుకు మాట్లాడతాడని మా ఆవిడ టెన్షన్. ఆ భయం నాకూ ఉంది, సామెతలూ కథలూ చేతులతో రావు. కానీ జరిగింది వేరు. "ఇట్లనా నానమ్మా? కాలు ఎక్కడ పెట్టాలె?" అని అడగాల్సింది వాడే, ఆమెకు ఇంగ్లీషు రాదు కదా. ఇప్పుడు వీడియో కాల్‌లో చాటతో చెరగడం, జొన్నరొట్టె చరచడం నడుస్తున్నాయి.

ఈసారి ఊరెళ్తే పిల్లలను తాటిచెట్ల దగ్గరికి కూడా తీసుకెళ్లండి. గీత కార్మికుడు నడుముకున్న మోకు తాడు మీద బరువు వేసి ఎట్లా పైకి జరుగుతాడో నిలబడి చూడనివ్వండి, తొందరపెట్టకండి.