బరంపురంలో పిల్లల మందు ట్రయల్: సంతకానికి ముందూ తర్వాతా

సరిహద్దు దాటి ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి వైపు పనికొచ్చిన మనవాళ్లకు నోటి ఒడియా తొందరగానే పట్టుబడుతుంది, చదవడమే రాదు. పిల్లల వార్డులో ‘ఒక స్టడీ ఉంది, చేరుస్తారా’ అని, అంటే మందును పిల్లలకిచ్చి పరీక్షించే ట్రయల్‌లో చేర్చమని, ఒడియా కాగితాలు చేతికిస్తే తలూపేసేది అందుకే. 2019 నాటి కొత్త మందుల ట్రయల్ నిబంధనల ప్రకారం సమాచార పత్రం మనకు అర్థమయ్యే భాషలో ఉండాలి. తెలుగు ప్రతి అడగండి. దాన్నీ ఎథిక్స్ కమిటీ (ట్రయల్‌లో చేరినవాళ్ల మేలు, హక్కులు చూసే సంఘం) చూసి ఒప్పుకోవాలి, అప్పటికప్పుడు ఎవరో రాసిచ్చింది పనికిరాదు. చదువు రానివాళ్లయితే స్టడీతో సంబంధం లేని సాక్షి పక్కనుండాలి.

సంతకం తల్లిదో తండ్రిదో, చట్టప్రకారం సంరక్షకులదో కావాలి, మేస్త్రి పెడితే చెల్లదు. రిస్కు ఎక్కువుండి బిడ్డకు నేరుగా మేలు లేని స్టడీకైతే ఇద్దరిదీ అడగొచ్చు. తండ్రి ఇక్కడ, తల్లి సోంపేటలో ఉన్న ఇళ్లలో పని ఆగేది ఇక్కడే. ఏడేళ్లు దాటిన పిల్లల ఇష్టమూ కనుక్కోవాలి. పన్నెండు దాటితే అది కాగితం మీదే ఉండాలి.

అందరికీ భయం పరీక్షలకు రక్తం తియ్యడం గురించే. పిల్లల ఒంట్లో కిలోకు సుమారు 80 మి.లీ. రక్తం ఉంటుంది, అంటే పది కిలోల బిడ్డకు 800. యూరప్ మార్గదర్శకాల లెక్కలో పరిశోధన కోసం ఒకసారికి ఒక శాతం (8 మి.లీ.), నాలుగు వారాల్లో మొత్తం మూడు శాతం (24 మి.లీ.) మించకూడదు. ఇది పైహద్దు మాత్రమే. సికిల్ సెల్ (పుట్టుకతో వచ్చే రక్తం జబ్బు) ఉన్న, రక్తం తక్కువున్న పిల్లలకు ఇంకా తగ్గించాలి. ఏ విజిట్‌లో (ఆసుపత్రికి చూపించుకోవడానికి వచ్చే రోజు) ఎన్ని మి.లీ. తీస్తారో ముందే అడిగి రాసుకోండి.

స్టడీ చెడేది ఎక్కువగా ఇంట్లోనే. వంటింటి చెంచాలన్నీ ఒక కొలత కావు, ఆసుపత్రివాళ్లిచ్చిన సిరంజితోనే మందు పొయ్యండి. బిడ్డ కక్కితే మళ్లీ పోసెయ్యకుండా ఫోన్ చెయ్యండి. ఖాళీ సీసా కూడా పారెయ్యొద్దు, మిగిలిన మందు కొలిచే ఎంత తాగించారో లెక్క కడతారు. మందు ఎప్పుడెంత పోశారో రాసే డైరీ ఏ రోజుది ఆ రోజే రాయాలి. విజిట్ ముందు రాత్రి కూర్చుని ఒకే పెన్నుతో నెల మొత్తం నింపితే చూడగానే తెలిసిపోతుంది, ఆ లెక్క దండగ.

సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లు విజిట్ తేదీ చూసుకుని, వెళ్లేముందే ఆసుపత్రిలో చెప్పాలి. ఊళ్లో ఆర్ఎంపీ ఇచ్చిన సూదిమందు పేరైనా దాచొద్దు. అక్కడ బిడ్డను ఆసుపత్రిలో చేరిస్తే, కారణం ఏదైనా సరే, ఆ రోజే ఫోన్ చెయ్యాలి: అది జరిగిన 24 గంటల్లో ట్రయల్ డాక్టరు పైకి రిపోర్టు చెయ్యాల్సి ఉంటుంది. ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం ఉచితం, పరిహారమూ అడగొచ్చు. దారి ఖర్చు, పోయిన కూలి ఇస్తారా అన్నది సంతకానికి ముందే తేల్చుకోండి.

ఎప్పుడైనా మానుకోవచ్చు, దానికి మామూలు వైద్యం ఆపకూడదు. కానీ చెప్పకుండా మాయమవ్వకండి, కొన్ని మందులు ఒక్కసారిగా ఆపితే ప్రమాదం. సంతకం చేసిన కాగితం నకలు మీదే. ఎథిక్స్ కమిటీ నంబరు దాని మీదే ఉంటుంది, రేషన్ కార్డుతో పాటు దాచండి.