నాలుగేళ్ల పాప ఎక్స్‌రే

పదకొండున్నర దాటింది. అత్తయ్యగారికి మాత్రలు ఇచ్చి వచ్చి పడుకున్నాను గానీ, మధ్యాహ్నం తెర మీద చూసిన ప్లస్ 3 అనే అంకె నన్ను నిద్రపోనివ్వడం లేదు.

దగ్గుతో వచ్చిన నాలుగేళ్ల పాపకు, మా ఎక్స్‌రే గదిలో నాతో పనిచేసే శైలజ ఛాతీ ఎక్స్‌రే తీసింది. అంత బక్కపలచని బిడ్డకు మా మిషన్ మీద 60 కేవీ (కిరణాలు చొచ్చుకుపోయే బలం), 2 ఎంఏఎస్ (కిరణాల మోతాదు) సరిపోతాయి. తను ఎంఏఎస్ 4 పెట్టింది. చిత్రం ఎంతో నునుపుగా వచ్చింది. డాక్టరుగారు చూసి "చాలా బాగా తీశావమ్మా" అని మెచ్చుకున్నారు. తెర మూలన ఉండే డీవియేషన్ ఇండెక్స్ అనే అంకె వైపు ఎవరూ చూడలేదు. అక్కడ సున్నా ఉంటే చిత్రాన్ని పట్టే డిటెక్టర్‌కు కిరణాల డోసు చేరవలసినంతే చేరిందని, ప్లస్ 3 ఉంటే దానికి రెట్టింపు చేరిందని అర్థం. డోసు రెట్టింపైనా చిత్రంలోని గరుకు చుక్కలు తగ్గడం వల్ల పెరిగే స్పష్టత 1.4 రెట్లే. న్యుమోనియా ఉందో లేదో తేల్చడానికి ఆ కాస్త నునుపు అక్కరలేదు. ఆ మెచ్చుకోలు వినగానే నాకు ఒళ్లు మండిపోయింది, ఎందుకంటే రేపటి నుంచి ప్రతి బిడ్డకూ 4 పెట్టమని చెప్పినట్టే అయింది.

నేను పని నేర్చుకున్నది ఫిల్ముల కాలంలో. డార్క్‌రూములో ఎర్ర దీపం, చేతులకు పట్టి ఎంత కడిగినా పోని హైపో (ఫిల్ము మీద చిత్రాన్ని నిలిపే మందు) వాసన. ఒకసారి ఒక పసివాడికి నేను ఎక్కువ ఇచ్చేసరికి ఫిల్ము బొగ్గులా నల్లబడింది. మాస్టారు దాన్ని లైటుకు ఎదురుగా పట్టుకుని, చాలాసేపు ఏమీ అనకుండా నిలబడి, "ఈ నలుపు ముందు ఆ బిడ్డ ఒంటిలో పడింది" అన్నారు. అప్పుడు తప్పు చేస్తే ఫిల్మే పట్టించేది. ఇప్పుడు కంప్యూటరు వెలుగునీడలను తనే సర్దేస్తుంది. డోసు తగ్గితే చుక్కలు పడి అందరికీ తెలుస్తుంది, పెరిగితే చిత్రం మరింత అందంగా కనబడుతుంది. అందుకే చేతులు మెల్లగా పైకే జరుగుతాయి.

ఇంతవరకూ రాసి, శైలజదే తప్పని ముగిద్దామనుకున్నాను. కానీ పోయిన వానాకాలంలో తక్కువే మంచిదన్న పట్టుదలతో నేను 1 పెట్టి తీసిన చిత్రంలో, గుండె వెనకాల ఉన్నది నీడో చుక్కలో తేలక, ఆ బిడ్డను మళ్లీ పిలిపించి ఇంకోసారి తీయవలసి వచ్చింది. పొదుపు చేశాననుకున్న డోసుకు రెండో డోసు తోడైంది. ఏడుస్తూ కదిలే బిడ్డను వాళ్ల అమ్మ చేత రెండుసార్లు పట్టించాను కూడా.

అంతకంటే నొప్పించేది మరొకటి ఉంది. కిందటి వారం చుక్కలు పడ్డాయని శైలజ ఒక ఎక్స్‌రే రిపీట్ చేస్తే, బయట పేషెంట్లు వింటుండగా గట్టిగా మందలించింది నేనే. ఎంత పెట్టాలో మాత్రం చెప్పలేదు. ఆ భయంతోనే ఇవాళ 4 పెట్టి ఉంటుంది.

బాబు లెక్కల పుస్తకంలోంచి ఒక కాగితం తీసుకుని గీతలు గీశాను. వయసు కాదు, ఛాతీ మందం రాయాలి; పది సెంటీమీటర్ల లోపు ఉంటే, చెదిరిన కిరణాలను అడ్డుకునే గ్రిడ్ తీసేయాలి. కేవీ గడి నింపాను. ఎంఏఎస్ గడి ఖాళీగా ఉంచాను. రేపు డ్యూటీ మొదలయ్యే ముందు శైలజను పక్కన కూర్చోబెట్టుకుని, పాత చిత్రాలు తెరిచి, ఇద్దరం కలిసి నింపాలి.