హ్యాండిల్ కోసే ముందు

ఎమ్‌టీబీ (మౌంటెన్ బైక్) సైకిల్ హ్యాండిల్ మరీ వెడల్పుగా ఉందని వెంటనే రంపం పట్టకండి. గ్రిప్పులు, బ్రేక్ లివర్లు లోపలికి జరిపి నాలుగు రోజులు తొక్కి చూడండి. 740 మిల్లీమీటర్లది 700 కావాలంటే అటు 20, ఇటు 20 పోవాలి. ఒకేసారి కాకుండా, ఒక్కో వైపు 10 చొప్పున రెండు విడతలుగా కోయడమే నయం, పోయిన ముక్క మళ్ళీ అతకదు కదా.

అల్యూమినియానికి అంగుళానికి 24 పళ్ళ హ్యాక్‌సా బ్లేడు చాలు. కోత వంకర పోవడమే అసలు తలనొప్పి. గీసిన చోట హోస్ క్లిప్పు (గొట్టాలకు బిగించే లోహపు పట్టీ) బిగించి, దాని అంచు వెంబడే మెల్లగా లాగండి. పైపు కట్టర్ తేలికే గానీ, అంచు ఉబ్బితే గ్రిప్పు ఎక్కదు. లోపలా బయటా ఆకురాయి పట్టాల్సిందే. చివర బిరడా తప్పనిసరి: ఖాళీ గొట్టం, పడితే పొట్టలో దిగుతుంది.

కార్బన్ ఫైబర్ హ్యాండిలైతే 32 పళ్ళ బ్లేడు, టేపు చుట్టి, నీళ్ళు చల్లుతూ, మాస్కు పెట్టుకుని.